పిలవని తలుపు

నడిమివలసలో హాల్ టికెట్ల వెబ్‌సైటుకు మొత్తం పద్నాలుగు తలుపులున్నాయి, వాటిలో పదమూడు అబద్ధపువి. సర్వర్ మాటిమాటికీ పడిపోతోందని పోయినేడు పరీక్షల శాఖవారు ఆ వెబ్‌సైటును ఉన్నదున్నట్టు ఇటుకతో, సిమెంటుతో బస్టాండు వెనక కట్టించేశారు. అప్పటినుంచి సర్వర్ పడలేదు. పైకప్పు పెచ్చులు మాత్రం అప్పుడప్పుడు పడుతున్నాయి. అవి పడేచోట ‘కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి’ అని బోర్డు పెట్టారు.

బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి బెవర సూర్యకాంతం అక్కడికి చేరుకుంది. ఆమె పదకొండేళ్లుగా అంగన్‌వాడీ కార్యకర్త. సూపర్‌వైజరు పరీక్ష ఆ రోజే, మధ్యాహ్నం రెండింటికి. వచ్చే ఏడాదికి ఆమె వయసు దాటిపోతుంది కనక ఇదే ఆఖరిసారి. ముందే ఇస్తే జనం పోగొట్టుకుంటున్నారని హాల్ టికెట్లు పరీక్ష రోజునే ఇస్తున్నారు.

ఎదురుగా ఏనుగు పట్టేంత ఆకుపచ్చ తలుపు ఉంది. దాని మీద ‘హాల్ టికెట్ ఇక్కడే’ అన్న అక్షరాలు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. సూర్యకాంతం తోసుకుని లోపలికి వెళ్లింది. తెల్లకోటు వేసుకున్న మనిషి ఆమె నాడి పట్టుకుని చూశాడు.

"అమ్మా, మీ ఒంట్లో తొమ్మిది వైరస్‌లున్నాయి."

"నాను హాల్ టికెట్టుకొచ్చినాను బాబూ."

"ఇప్పుడు పదకొండయ్యాయి."

రెండో తలుపు దగ్గర బ్యాండుమేళం మోగింది. ఆమె పదిలక్షలవ సందర్శకురాలని చెప్పి మెడలో దండ వేశారు. దండ అప్పటికే ఎవరి చెమటకో తడిసి ఉంది. మూడో తలుపు వెనక ఐదే ఐదు సెకన్లు కూర్చోమన్నారు. ఐదు సెకన్లు అయ్యాక మరో ఐదు మొదలయ్యాయి. పదకొండింటికి బయటికొచ్చేసరికి ఆమె దగ్గర ఒక దండ, ఒక మోకాళ్ల నొప్పుల నూనె సీసా, ఒక మనిషి ఉన్నారు.

ఆ మనిషి నీలం చొక్కా వేసుకుని సరిగ్గా ఆమె మొహానికి అడ్డంగా నిలబడ్డాడు. "మేడమ్, మీ డాబా కారుతోందా?" అన్నాడు. ఆమె ఎడమకి జరిగితే ఎడమకి జరిగాడు, కూర్చుంటే కూర్చున్నాడు.

మెట్ల దగ్గర ఉడకబెట్టిన పల్లీలమ్మే గున్నమ్మ ఇదంతా చూస్తోంది.

"ఓలమ్మా, ఆడ్నెందుకు ఎంటేసుకొచ్చినావే?"

"నానేటి తెచ్చినాను పిన్నీ! ఆడే వచ్చీసినాడు."

"ఆడి ఎడం సెవి ఎనకాల సూడు. నువ్వుగింజంత ఇంటూ గుర్తుంటాది, నొక్కు. గురి తప్పినావో, మీ ఇంటికొచ్చి కూకుంటాడు. మా ఇంట్లో ఇద్దరున్నారు. ఒకడు పర్లేదులే, నీళ్లు తోడతాడు."

సూర్యకాంతం పిన్నీసు తీసి గురిచూసి నొక్కింది. నీలం చొక్కా మనిషి ఏమీ అనుకోలేదు. ఈ ప్రకటన ఎందుకు నచ్చలేదో చెప్పమని నాలుగు జవాబులు చదివి వినిపించాడు. సూర్యకాంతం, తనకి అసలు డాబా లేదంది. ఆ జవాబు నాలుగింట్లో లేకపోయినా అతను మర్యాదగా మాయమయ్యాడు.

"ఇంక నిజం తలుపేదో నాకేటి తెలుస్తాది పిన్నీ? రెండింటికి పరీచ్చ!"

"ఇను. దొంగ తలుపు రమ్మంటాది. నిజం తలుపుకేటి అవసరం? అది ఎవుల్నీ పిల్దు. ఎంత మెరిస్తే అంత దగా, ఎంత సిన్నగుంటే అంత నిజం. మెట్ల కింద, సీపుర్లు పెట్టే కాడ ఎతుకు."

చీపుర్ల వెనక మోకాలెత్తు బూడిదరంగు తలుపు దొరికింది. సూర్యకాంతం పాకుతూ లోపలికి వెళ్లేసరికి గుమస్తా ఉలిక్కిపడి లేచాడు. వేలమందిలో ఆ తలుపు కనిపెట్టిన నలభై నాలుగో మనిషి ఆమె. నిమిషంలో హాల్ టికెట్ చేతిలో పెట్టాడు.

"బయట కాస్త పెద్దచ్చరాలు రాయించొచ్చు కదండీ?"

"రాయించి చూశామమ్మా. పెద్దగా రాస్తే ఎవరూ నమ్మట్లేదు."

ఒంటిగంటా నలభై ఐదుకి ఆమె ఊరి చివరి కాలేజీకి చేరుకుంది. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. పైన గజమెత్తు అక్షరాలతో ‘పరీక్షా కేంద్రం’ అని బోర్డు, పక్కనే ఆకుపచ్చ బాణం గుర్తు. "సూపర్‌వైజరు పరీక్షకి వచ్చినవాళ్లు ఇటే రండి! ఇంక పదిహేను నిమిషాలే!" అని మైకు అరుస్తోంది.

సూర్యకాంతానికి నవ్వొచ్చింది. గేటు దగ్గరున్న లెక్చరరు ఎదురొచ్చాడు.

"చేతిలో హాల్ టికెట్టుంది కదమ్మా, నిలబడిపోయారే? రండి, రండి!"

ఆమె అతని ఎడమ చెవి వెనక్కి తొంగిచూసింది. చిన్న పుట్టుమచ్చ కనిపించింది. పిన్నీసుతో నొక్కింది.

"అబ్బా!"

"ఎంత బాగా సేస్తన్నారో" అనుకుని, ఆమె ప్రహరీగోడ వెంట వెనకవైపుకి నడిచింది.

సైకిల్ స్టాండు అవతల, పిచ్చిమొక్కల్లో, అక్షరం ముక్క లేని రేకు తలుపు ఉంది. వంగి లోపలికి దూరింది. విరిగిన బెంచీలు పడేసే గది అది. అందులో నలభై ముగ్గురు ఆడవాళ్లు మనిషికీ మనిషికీ మధ్య ఎడం వదిలి వరసగా కూర్చున్నారు. ముందు హాల్ టికెట్లు, చేతుల్లో మూతలు తీసిన పెన్నులు.

"సూపర్‌వైజరు పరీచ్చ ఇక్కడేనా?"

"ఆఁ. నిన్నెవులైనా పిలిసినారేటి?" అంది వెనక బెంచీ ఆమె, అనుమానంగా.

"ఇక్కడికి ఎవులూ పిలవలేదు."

"అయితే కూకో."

రెండింటికి దూరంగా గంట మోగింది. కాసేపయ్యాక ముందు వరసలో ఒకామె గొంతు తగ్గించి, "పేపరు ఇంకా ఇవ్వలేదేటి?" అంది.

"అడక్కుండా ఇచ్చీస్తే అప్పుడు అనుమానించాల" అంది వెనక బెంచీ ఆమె. గది మొత్తం తలాడించింది.

రెండుంబావుకి మైకు పేర్లు చదవడం మొదలెట్టింది, ఇంటిపేర్లతో సహా. "పేర్లు కూడా పట్టీసినారే" అని ఎవరో నిట్టూర్చారు. మైకు నలభై మూడు పేర్లు చదివి, చివర్లో "బెవర సూర్యకాంతం" అని మూడుసార్లు పిలిచింది. మూడోసారి ఆ గొంతులో నిజంగానే కంగారున్నట్టు వినిపించింది. సూర్యకాంతం కదల్లేదు. పక్కామె ఆమెని మెచ్చుకోలుగా చూసి, కాళ్లు చాపుకోవడానికి కాస్త చోటిచ్చింది.