మొదటిసారి స్కీలు కొనేవారికి అల్ నహ్దా నుంచి కొన్ని సూచనలు

ఎడారిలో ఉంటూ మంచు మీద జారే సామగ్రిని తెలివిగా కొనడం ఎలా అన్న అంశంపై తెలుగులో ఇంతవరకు ఒక్క ప్రామాణిక గ్రంథం రాలేదు. ఈ తీరని లోటును నా శక్తి మేరకు తీర్చే ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాను. నాకున్న అర్హతలు రెండు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. స్కీలు కొన్నవాళ్లలోనూ నేనే మొదటివాణ్ణి. (డిగ్రీకి ఊళ్లో దండ వేశారు. స్కీల సంగతి ఊళ్లో ఇంకా చెప్పలేదు.)

స్కీలంటే తెలియనివారి కోసం: అవి మంచు మీద జారడానికి బూట్ల కింద బిగించుకునే రెండు పొడవాటి బద్దలు. వాటితో నాకేం పని అని అడిగేవారికి సమాధానం: వంటగది.

మా కంపెనీలో సీనియర్ డాక్యుమెంట్ కంట్రోలర్ పోస్టు ఖాళీ అయింది. (డాక్యుమెంట్ కంట్రోలర్ అంటే కాగితాలకు నంబర్లు వేసి, ఆ నంబర్లన్నీ మరో కాగితం మీద ఎక్కించి, ఆ కాగితానికి కూడా నంబరు వేసేవాడు.) ఆ పోస్టుకు ఇంటి భత్యం ఉంది. నేనూ నా భార్య మాలతీ షార్జాలోని అల్ నహ్దాలో ఒక ఫ్లాటులో ఒక గదిలో ఉంటాం. రెండో గదిలో మా ఆఫీసులోనే పనిచేసే చరణ్‌తేజ్, అతని భార్య శ్రీసుధ ఉంటారు. హాలు, బాత్రూము, వంటగది ఉమ్మడి. పొద్దున పొయ్యి శ్రీసుధది, ఆ తర్వాత మాలతిది. మాలతి జీవితాశయం ఒక్కటే: పోపు డబ్బా తాను పెట్టిన చోటే ఉండే వంటగది. ఆ పోస్టు వస్తే ఆ వంటగది వస్తుంది. చరణ్‌తేజ్‌కూ ఆ పోస్టే కావాలి, శ్రీసుధకూ అలాంటి వంటగదే కావాలి. నేనూ చరణ్‌తేజూ రోజూ ఒకే కారులో ఆఫీసుకు వెళ్తాం. ఈ విషయం తప్ప అన్నీ మాట్లాడుకుంటాం.

మా ఉమ్మడి కాపురం సంగతి కంపెనీకి తెలియదు. రికార్డుల్లో ఉద్యోగులందరి చిరునామా ఒకటే పోస్టు బాక్సు. అధికారికంగా మేమందరం ఆ డబ్బాలోనే నివసిస్తున్నాం.

ఇలా ఉండగా మా మేనేజరు ఫైజా మేడమ్ శీతాకాల సంక్షేమ దినాన్ని ప్రకటించారు. ఒక మాల్‌లో నాలుగు గోడల మధ్య మంచు పోసి కట్టిన కొండ మీద సిబ్బంది అంతా స్కీయింగ్ చెయ్యాలి. చివర్లో ఆవిడ ఒక మాటన్నారు: "ఆ రోజు మీలో ఒక్కొక్కరి గురించీ నేను ఎంతో తెలుసుకుంటాను." ఖాళీగా ఉన్న పోస్టుకు పరీక్ష పెట్టారని నేను వెంటనే గ్రహించాను. (గ్రహించడంలో నాకు చిన్నప్పటి నుంచీ ఫస్టు మార్కులే.)

కారులో చరణ్‌తేజ్ అన్నాడు: "టికెట్లోనే అన్నీ ఇస్తారంట బాస్. బూట్లు, కోటు, కర్రలు, అన్నీ. మనం చేతులూపుకుంటూ వెళ్లిపోవడమే."

పరీక్షకు పక్కవాడి పెన్నుతో వెళ్లేవాడి మాటలా తోచింది నాకు. ఆ సాయంత్రమే అధ్యయనం మొదలుపెట్టాను. స్కీయింగ్ నిపుణుల వీడియోలు చూడగా మూడు సూత్రాలు తేలాయి. కొత్తవాళ్లు కొనకూడదు, అద్దెకు తీసుకోవాలి. కొనక తప్పకపోతే ముందు బూట్లు కొనాలి, అవి కాలికి బిగుతుగా ఉండాలి. స్కీలు గడ్డం దాటకూడదు. మొదటి సూత్రాన్ని నిపుణుల మొహమాటంగా భావించి ముందుకు సాగాను.

దుకాణానికి మా వెంకట్రాములు చిన్నాయన కూడా వచ్చాడు. అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఫోర్‌మన్. బంగారమైనా బకెట్టయినా ఆయన గోటితో కొట్టి చూడనిదే మా ఇంట్లో కొనుగోలు పూర్తి కాదు. దుకాణంలో షహజాదీ అనే అమ్మాయి ఉంది. మా మాటలు విని, తనదీ నిజామాబాదేనని చెప్పి కుర్చీ చూపించింది.

"అన్నా, ఇంతకుముందు స్కీయింగ్ చేసిన్రా?"

"వీడియోలు చూశాను."

"అయితే కిరాయికి తీస్కోండ్రి. ఆడ్నే ఇస్తరు."

చిన్నాయన నా చెవిలో అన్నాడు: "సూషినవార? మనల్ని సూషి కొనలేరనుకుంటుంది."

కొనుగోలు ఆ క్షణంలోనే ఖాయమైపోయింది.

షహజాదీ తెచ్చిన బూట్లలో కాలు పెడితే వేళ్లు ముందు గోడకు తగిలాయి. సరిగ్గా ఉన్నాయంది. చిన్నాయన ఒప్పుకోలేదు.

"పైసలు వెట్టి టైటు బూటు కొంటరా ఎవలన్న? ఒక సైజు పెద్దది తియ్యి బిడ్డా. రేపు కాలు పెరిగితె?"

"నాకు ముప్పై దాటినయి చిన్నాయనా."

"నాకు యాభై దాటినయి. ఎండకు ఉబ్బుతలేదా?"

ఇక్కడ పాఠకులకు మా ఇంటి ఆచారం చెప్పాలి. బడి బూట్లు ఎప్పుడూ ఒక సైజు పెద్దవే కొనేవారు. ముందు దూది కుక్కేవారు. దూది తీసేసే వేళకు బూటు చిరిగేది. నా సైజు బూటు నేను తొడుక్కున్నది ఉద్యోగం వచ్చాకే, అదీ ఎందుకో తప్పు చేసినట్టే ఉండేది. అందుకని ఒక సైజు పెద్దవి తొడిగాను. ఆ వెంటనే, మందపాటి మేజోళ్లు ఉంటాయి కదా అని ఇంకో సైజు పెంచాను.

"లోపల కాలు తిరుగుతదన్నా," అంది షహజాదీ.

"తిరగనీ. గాలాడుతది," అన్నాడు చిన్నాయన.

స్కీల దగ్గర చర్చే జరగలేదు. పొట్టివీ పొడుగువీ ఒకే ధర. ఒకే ధరకు పొట్టిది కొనేవాడు మా జిల్లాలో పుట్టలేదు. నాకంటే జానెడు ఎత్తున్నవి ఎంచుకుని, రాకపోకల్లో గీతలు పడకుండా ప్లాస్టిక్ కవరు తీయకుండానే ఇంటికి తెచ్చాను.

మా గదిలో అవి పట్టలేదు. మంచం మీద పెడితే మేం పట్టలేదు. చివరికి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డంగా పడుకోబెట్టాను.

మాలతి వాటి చుట్టూ ఒకసారి తిరిగింది. "అన్నం వండుకునే జాగ కోసమని జారుడు కట్టెలు తెచ్చినవా?"

"ఇది పెట్టుబడి."

"గివి పండిన జాగల మంచిగ నా పొయ్యి పడుతుండె."

చరణ్‌తేజ్ మాత్రం మర్యాదస్థుడు. వాటిని దాటుకుంటూ, "రైలు పట్టాలు దాటినట్టుంది బాస్. బండేమన్నా వస్తదేమో చూసి దాటమని చెప్తున్నా మా సుధకి," అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఓడిపోబోయేవాళ్లతో సరదాగా ఉండటం నా పద్ధతి.

సంక్షేమ దినం వచ్చింది. ఆ మంచుకొండ దగ్గర రెండు ద్వారాలున్నాయి. సొంత సామగ్రి లేనివారికి ఒకటి, ఉన్నవారికి ఒకటి. రెండో దాని ముందు అనుభవ నిర్ధారణ అధికారి కూర్చుని ఉన్నాడు.

"నేను కొత్తవాణ్ణి. నేర్పించే వైపు వెళ్లాలి," అన్నాను.

"సర్, ఈ స్కీలు మీవేనా?"

"నావే."

"మీకంటే పొడుగున్నాయి."

"అవును."

"కొత్తవాళ్లు ఇలాంటివి కొనరు సర్. సిస్టమ్ ఒప్పుకోదు."

"మరి నేను కొన్నాను కదా."

"అందుకే మీరు కొత్తవాళ్లు కాదు. సొంత సామగ్రి ఉన్నవాళ్లను అటు పంపితే నేర్చుకునేవాళ్ల ఆత్మవిశ్వాసం దెబ్బతింటుంది. నిబంధన ఉంది. యల్లా, పదండి పైకి."

తర్కంలో దోషమెక్కడుందో వెతుకుతుండగానే తీగలకు వేలాడే కుర్చీ వచ్చి నన్ను కూర్చోబెట్టుకుని వెళ్లిపోయింది. కింద చరణ్‌తేజ్ చిన్నపిల్లల వరసలో నిలబడి, ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే పడుతూ లేస్తూ నవ్వుతున్నాడు. ఫైజా మేడమ్ తలెత్తి నన్ను చూసి చెయ్యి ఊపారు. నేను చేతికిచ్చిన ఊతకర్ర ఒకటి ఎత్తి చూపాను. సీనియర్ డాక్యుమెంట్ కంట్రోలర్ ఎలా ఎత్తుతాడో అలాగే ఎత్తాను.

కొండ పైనుంచి దిగడం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది క్లుప్తంగానే జరిగింది. మలుపు తిరగాలంటే పాదం తిప్పాలని వీడియోలో చెప్పారు. తిప్పాను. వేళ్లు తిరిగాయి, మడమ తిరిగింది. బూటు తిరగలేదు. లోపల జరుగుతున్నదానితో తనకేమీ సంబంధం లేనట్టు అది నేరుగా వెళ్లింది. మిగతా దారి నేను కూర్చునే దిగాను. నా స్కీలు నాకంటే ముందే వెళ్లి, నాకంటే ఎంతో హుందాగా ఆగాయి.

అదృష్టవశాత్తూ మావాళ్లెవరూ చూడలేదు. అందరూ పక్కనున్న కాఫీ గదిలో మేడమ్ చుట్టూ కూర్చుని, చరణ్‌తేజ్ ఏదో చెబుతుంటే నవ్వుతున్నారు. మంచు దులుపుకుని లోపలికి వెళ్లాను.

"పై నుంచే వచ్చావా?" అన్నారు మేడమ్.

"పై నుంచే వచ్చాను మేడమ్." ఇందులో అబద్ధం లేదు.

"మాషా అల్లా," అన్నారావిడ. పోస్టు నాదేనని అర్థమైంది. ఇంటికెళ్లి ఆ మాటే చెప్పాను. మాలతి నా నడుముకు జండూబామ్ రాస్తూనే రెండో చేత్తో ఫోనులో ఫ్లాట్లు వెతికింది. "వంటింట్ల కిటికి ఉండాలె. పోపు పొగ పోవాలె," అంది. మంజూరు చేశాను.

సోమవారం అందరికంటే ముందు మేడమ్ నన్ను పిలిచారు. తలుపు వేసి, స్వయంగా గావా, అంటే అరబ్బీ కాఫీ, పోసిచ్చారు.

"నువ్వూ చరణ్‌తేజ్, పనిలో ఇద్దరూ సమానం. అలాంటప్పుడు అవసరం ఎవరికెక్కువో చూడాలి కదా? నీకు చెప్పకుండా ప్రకటించడం బాగుండదని పిలిచాను. నీకేం, సొంత స్కీలున్న మనిషివి. చరణ్‌తేజ్ ఇంకో కుటుంబంతో ఒకే ఫ్లాటులో ఉంటున్నాడు. తెలుసా నీకు?"

"తెలుసు మేడమ్."

"తనంతట తాను అడగలేదు పాపం. ఆ రోజు కాఫీ తాగుతూ నవ్వుతూ చెప్పాడు. ఆ రెండో కుటుంబం వాళ్లు హాలుకు అడ్డంగా ఏదో పొడవాటి సామాను పడేశారట. భార్య బాత్రూముకు వెళ్లాలన్నా దాటుకుంటూ వెళ్లాలట. ఏం మనుషులో."

జేబులో ఫోను కదిలింది. మాలతి ఫొటో పంపింది. వంటగది, దానికి కిటికీ.

"అలా ఉండటం చాలా కష్టం మేడమ్," అన్నాను.

"నువ్వు మంచివాడివి," అన్నారు మేడమ్ నా చేతిలోని కప్పు తీసుకుంటూ. "అలా ఎప్పుడూ బతకకపోయినా అర్థం చేసుకున్నావు."