బూటు ఊడని కాలు

యుద్ధం చేసేవాళ్ళకు నియమాలు ఉంటాయో ఉండవో గానీ, ఆదుకునేవాళ్ళకు మాత్రం కచ్చితంగా ఉంటాయి. (అందుకే బాంబు చెప్పకుండా వస్తుంది, సాయం చెప్పి కూడా రాదు.)

కరెన్ కొండల్లోని ఈ నిరాశ్రయుల శిబిరంలో మొహింగా, అంటే చేపల పులుసులో సేమియా, వండి అమ్ముకునే నాన్ ఖిన్ ఫ్యూకి ఈ సంగతి బాగా తెలుసు. కానీ ఆమెకు కాలు కావాలి. ఎడమకాలు వక్కతోటలో మందుపాతరకు పోయింది. విమానం మోత వినబడితే శిబిరమంతా కందకంలోకి పరుగెత్తుతుంది, ఆమె పాకుతుంది. ఏదో ఒకరోజు సమయానికి చేరుకోలేనేమోనని ఆమె భయం. మరదలు వీపున మోస్తానంటుంది గానీ, పాపం, ఆ పిల్ల చంకలో అప్పటికే బిడ్డ ఉంటుంది.

ఇన్నాళ్ళకు సముద్రాల అవతలి దాతలు కాలు పంపారు. చక్కని కాలు. చివర నల్లటి బూటు, లేసులతో సహా, పాదానికే అతికించి ఉంది. అది తొడుక్కుని నునుపైన నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచి చూపిస్తే కాలు ఆమెదే. శిబిరంలో అలాంటి నేల ఉన్నది ఒక్క బౌద్ధారామం మండపంలోనే. కాలు తొడుక్కుని ఆమె వచ్చేసరికి ఆ గుమ్మంలో సహాయ సంస్థ వారి మర్యాదల పరిరక్షణాధికారి మాన్ టిన్ వే అడ్డంగా నిలబడ్డాడు.

"చెప్పులు విడిచి రావాలి పిన్నీ."

"ఉన్న ఒక్కటీ విడిచాను గదా నాయనా."

"మరి ఆ బూటు?"

"అది బూటు కాదయ్యా, కాలు."

"లేసులున్నాయి పిన్నీ. లేసులున్నదాన్ని మా సంస్థ కాలుగా గుర్తించదు."

లోపల్నుంచి ఆరామం పెద్ద భిక్షువు కేకేశాడు. "రానివ్వవయ్యా! మాకు లేని పట్టింపు నీకెందుకు?"

"తమ మనోభావాలు దెబ్బతింటాయి స్వామీ."

"అవి బాగానే ఉన్నాయి. నువ్వు పక్కకు జరుగు."

"తమకు తెలియడం లేదు స్వామీ, దెబ్బతింటాయి. మాకు శిక్షణలో చెప్పారు."

(వారం రోజుల శిక్షణ, భోజనాలతో సహా. భిక్షువులనెవరినీ పిలవలేదు.)

బూటు మీద మేజోడు తొడుగుదామన్నారు మండపంలో చేరిన జనం. మేజోడు కూడా పాదరక్షల్లో ఒక ఉపవర్గమట. అరిటాకు చుట్టమన్నాడు భిక్షువు. అరిటాకు ఆహార విభాగం కిందికి వస్తుంది, వాళ్ళ అనుమతి కావాలి. నాన్ ఖిన్ ఫ్యూకి నవ్వు ఆగలేదు. కాలు ఊడదీసి, చెప్పుల వరసలో బుద్ధిగా నిలబెట్టి, గెంతుతూ లోపలికి వెళ్ళింది.

"ఊఁ, ఇప్పుడు పెట్టు నాయనా నీ నడక పరీక్ష!"

మండపమంతా పడీపడీ నవ్వింది. మాన్ టిన్ వే కూడా నవ్వబోయి మానుకున్నాడు (పనివేళలు).

అప్పుడే విమానం మోత వినబడింది. అందరికంటే ముందు గుమ్మం దాటినవాడు మాన్ టిన్ వే. మండపంలో పరుగెత్తరాదన్న నియమం ఆయన పెట్టిందే. కాలు తొడుక్కునే వ్యవధి ఆమెకు లేదు. గెంతింది, పడింది, మోచేతులు చెక్కుకుపోయేలా పాకింది. కందకం అంచున మరదలు రెక్క పట్టి లోపలికి లాగిందో లేదో, వక్కతోటల అవతల భూమి దద్దరిల్లింది.

"వచ్చేశావు వదినా, వచ్చేశావు!" అంటూ మరదలు వెక్కివెక్కి ఏడ్చింది.

మాన్ టిన్ వే ఒంటిమీద మట్టి దులుపుకుని, ముఖమంతా వెలుగుతో ఆమె దగ్గరికి వచ్చాడు.

"శుభవార్త పిన్నీ. కాలు లేకుండానే మీరు కందకం చేరుకోగలరని రుజువైంది. కాలు ఇంకెవరికైనా అవసరమున్నవాళ్ళకు ఇచ్చేస్తాం."