మేకదొంగ గారి రాజముద్ర

ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో వెతికిపెట్టే వెబ్‌సైట్లను తిట్టేవాళ్ళను తిట్టనివ్వండి. నన్నడిగితే ఈ శతాబ్దంలో మానవజాతికి అంతకు మించిన మేలు జరగలేదు! పూర్వం వంశం మార్చుకోవాలంటే యుద్ధాలు గెలవాలి, రాజుగారి కూతుర్ని పెళ్ళాడాలి, కనీసం ఊరైనా మారాలి. ఇప్పుడో? పేరు కొట్టి మీట నొక్కితే కాఫీ చల్లారేలోపు వంశం మారిపోతుంది.

మా వల్దూరా సంగతే తీసుకోండి. ఇది ఇటలీ ఉత్తరాన కొండమీది ఊరు. చర్చి ఫాదరునీ, పిజ్జాలు కాల్చే చీరోనీ మినహాయిస్తే ఊరంతా ఫబ్రిస్‌లే. సంతలో నిలబడి "ఫబ్రిస్ గారూ!" అని కేకేస్తే మేకలు తప్ప అందరూ వెనక్కి తిరుగుతారు.

ఫబ్రిస్ అంటే కమ్మరి. అంతకు మించి ఏమీ లేదు. కొండ దిగితే అదే కమ్మరి ఫవెరో అవుతాడు. మొదెనా వైపు ఫెర్రారి, టస్కనీలో ఫబ్బ్రి, నేపుల్స్ దిగువన ఫెర్రారో, సముద్రం దాటి సార్దీనియా పోతే ఫ్రావు. దేశం పొడుగునా అదే కొలిమి, అదే మసి! ఈ అవమానాన్ని ఎన్నాళ్ళని భరిస్తాం? వెబ్‌సైట్ వచ్చి కాపాడింది. మొదటి ఫబ్రిస్ గుర్రాలకు నాడాలు కొట్టలేదట, చక్రవర్తిగారికి కత్తి చేశాడట. ఏ చక్రవర్తి అంటారా? అలాంటివి అడిగేవాళ్ళ వల్లే దేశం బాగుపడటం లేదు.

చీరోకి ఇంకా పెద్ద మేలు జరిగింది. అతనిది నేపుల్స్, ఇంటిపేరు ఎస్పోజితో. కన్నవాళ్ళు గుమ్మంలో వదిలేసి పోయిన బిడ్డలకు ఒకప్పుడు అక్కడి మఠంలో ఆ పేరు పెట్టేవారు. వెబ్‌సైట్‌ది జాలిగుండె. చీరో మూలపురుషుడు స్పెయిన్ సేనాపతి అని తేల్చేసింది.

"అయ్యుండొచ్చక్కా," అన్నాడు చీరో చేతులకంటిన పిండి దులుపుకుంటూ. "మా ముత్తాతను ఆ గుమ్మంలో దింపేసి పోయింది ఆ మహానుభావుడే అయ్యుంటాడు!"

చూశారా, కృతజ్ఞత లేని లోకం!

ఊరంతా ఒకే ఇంటిపేరైతే ఎవరు ఎవరో ఎలా తెలుస్తుందని మీకు అనుమానం రావచ్చు. అందుకే మాకు ఇంటింటికీ ఒక మారుపేరుంది. మాది మాడుసంకటి. మా నాయనమ్మ ఎవరి పెళ్ళిలోనో మొక్కజొన్న సంకటి మాడ్చిందట. మూడు తరాలుగా మేం ఆ వాసన మోస్తున్నాం. వీధి చివరి ఇల్లు మేకదొంగ వాళ్ళది. పెళ్ళి పిలుపైనా, చావు కబురైనా మారుపేరుతోనే నడుస్తుంది. మేకదొంగ గారి అమ్మాయికి కవలలట అంటే ఫాదరు కూడా నవ్వడు.

ఆ మేకదొంగ ఇంటి వారసుడే లివియో ఫబ్రిస్. ఇంట్లో ఆవులు, ఊళ్ళో మంచిపేరు, ఒంట్లో పొగరు, మూడూ ఉన్న మనిషి. నిరుడు పంచాయతీవాళ్ళు ఊరుమ్మడి పాలకేంద్రం మూసేసి, ఆ భవనం హోటల్‌కిద్దామన్నారు. అది మూతపడితే మా పాలు ఎక్కడ పోయాలి? ఆవుల్ని అమ్ముకోవడమే. లివియో మండిపడి ఎన్నికల్లో నిలబడ్డాడు. ఊరు సంబరపడింది. సరిగ్గా అప్పుడే అతనికి వెబ్‌సైట్ దొరికింది.

వారం తిరక్కుండా రాజముద్ర చెక్కిన పలక గుమ్మానికెక్కింది. బరువైన ఇత్తడి పలక, రెండు సింహాలు, మధ్యలో కత్తి. సింహాలకు ఆకలిగా ఉన్నట్టుంది గానీ, పనితనం బాగుంది.

ఇక్కడ మా ఓటు పద్ధతి ఒక్క ముక్క చెప్పాలి. సభ్యుడికి ఓటెయ్యాలంటే అతని పేరు చేత్తో రాయాలి. ఒకే పేరుతో ఇద్దరుంటే, నామినేషన్‌లో ఇచ్చిన మారుపేరు కూడా రాస్తేనే చెల్లుతుంది. ఆసారి ఇద్దరున్నారు. రెండోవాడు మా తమ్ముడు, వాడూ లివియో ఫబ్రిసే, పోటీకి మనిషి తక్కువయ్యాడని నిలబెట్టారు. మా తమ్ముడు బుద్ధిగా "మాడుసంకటి" అని రాసిచ్చాడు. రెండు సింహాల మనిషి "మేకదొంగ" అని రాసిస్తాడా? "చక్రవర్తి ఖడ్గం" అని రాసిచ్చాడు!

ఓట్ల రోజు ఊరు కదిలింది. లెక్కింపుకి పట్టణం నుంచి వచ్చిన అధికారి కాగితాలు విప్పుతూ తెల్లబోయాడు. మేకదొంగ. మేకదొంగ. మళ్ళీ మేకదొంగ.

"ఏంటండీ ఈ ఊరు? అభ్యర్థిని ఇంత దారుణంగా తిడతారా?" అన్నాడు.

"తిట్టు కాదు బాబూ, అది ఓటు," అన్నాం.

"ఆ పేరు నా దగ్గర లేదే! చెల్లదు."

చక్రవర్తి ఖడ్గానికి ఒక్క ఓటు పడింది. ఆయనదే. ఆయన భార్య కూడా అలవాటు కొద్దీ మేకదొంగ అనే రాసింది. మా చుట్టాల నాలుగు ఓట్లతో మా తమ్ముడు సభ్యుడైపోయి, ఎవరో చచ్చిపోయినట్టు మొహం పెట్టుకుని ఇంటికొచ్చాడు.

ఆ సాయంత్రం చీరో కొట్లో లివియో బల్ల గుద్దాడు. "ఆ దరిద్రప్పేరు నాశనమైపోనూ! మా ముత్తాత దొంగైతే నేనేం చెయ్యను? నాలుగు తరాలుగా తల కొట్టేసినట్టుంది!"

మూల బల్ల దగ్గర సూపు తాగుతున్న అతని మేనత్త ఓనొరీనా స్పూన్ కింద పెట్టింది. ఆవిడకు తొంభై దాటాయి, నోటికి మాత్రం ఇరవయ్యే.

"ఎవర్రా దొంగ? ఆ ఏడు మంచుకి కనుమ దారి మూసుకుపోయింది. ఊళ్ళో పసిపిల్లలకి చుక్క పాల్లేవు. జమీందారు పాకలో మాత్రం మేకలు పాలతో బరువెక్కి అరుస్తున్నాయి. మా తాత తలుపు విరగ్గొట్టి మందంతా తోలుకొచ్చి ఇంటికో మేకని కట్టాడు. జైలుకెళ్ళాడు. తిరిగొచ్చిన్నాడు ఊరంతా టోపీలు తీసి నిలబడి ఆ పేరుతో పిలిచిందిరా! ఇవాళ నీ పేరు రాసిన ప్రతివాడి తాతా ఆ పాలు తాగి బతికినవాడే."

ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు, లివియోకీ తెలుసనుకున్నారు.

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం అత్తా?" అన్నాడు లివియో.

"వెయ్యేళ్ళ కిందటోణ్ణి అడిగావు. గోడవతల ఉన్నదాన్ని, నన్నెప్పుడన్నా అడిగావట్రా?"

కంగారుపడకండి, పాలకేంద్రం మూతపడలేదు. పంచాయతీ సమావేశాల్లో మా తమ్ముడు ముందు కుర్చీలో, లివియో వెనక ప్రజల బెంచీలో కూర్చుంటారు. హోటల్ మాట రాగానే వెనక నుంచి దగ్గు వినిపించింది. మా తమ్ముడు చెయ్యెత్తాడు. హోటల్ వద్దన్నవాళ్ళు ఒక్క ఓటు ఎక్కువయ్యారు. ఇప్పుడు లివియో గుమ్మానికి మేకమెడ గంట వేలాడుతోంది. రాజముద్ర పలకని పాలకేంద్రంలో చీజ్ ముద్దల మీద బరువుకి పెడుతున్నారు. నీరు బాగా పిండుతుందట. ఆ వెబ్‌సైట్ వల్ల ఉపయోగం లేదన్నది ఎవరు?

నేను మాత్రం ఆలస్యం చేయదలుచుకోలేదు. చీరో కొట్లో ఆ మాట విన్న మర్నాడే మిఠాయి పొట్లం పట్టుకుని ఓనొరీనా అత్త ఇంటికెళ్ళాను. మా నాయనమ్మ సంకటి ఎందుకు మాడ్చిందో చెప్పమన్నాను.

అత్త లేచి వీధి తలుపు మూసి వచ్చింది.

"కూర్చోవే అమ్మాయ్," అంది. "ఆ రోజు వంటింట్లో ఉన్నది మీ నాయనమ్మ ఒక్కత్తే కాదు."

మిగతాది విన్నాక నా అభిప్రాయం మరీ గట్టిపడింది. ఆ వెబ్‌సైట్లకు ఏమీ తెలియకపోవడం నిజంగా దేవుడిచ్చిన వరం!