రుచి మాస్టారి ఫ్లాస్కు

ఆ సోమవారం పొద్దున పిన్నిగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్తకు తెలియకుండా భర్త తిండి మార్చేయాలి. అంతే. ప్యాంటు గుండీ పెట్టుకోవడానికి ఆయన ఊపిరి బిగబట్టడం, ఆ బిగబట్టిన ఊపిరితోనే "నేనేం లావు కాలేదే" అనడం ఆమె చాలాకాలంగా చూస్తోంది. డాక్టరుగారు కూడా చక్కెర, వెన్న, వేపుళ్లు తగ్గించమని చెప్పారు. చెప్పింది డాక్టరు కాబట్టి ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, వచ్చే దారిలో కేకు తిన్నాడు.

"తీపి తగ్గించమన్నారు కదండీ!"

"డాక్టరుకేమే, ఆయన నాలుక మీద ఎవరూ బతకట్లేదు. నా నాలుక మీద ఫ్యాక్టరీ అంతా బతుకుతోంది. తీపి మానేస్తే దానికి తుప్పు పడుతుంది."

ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఆయన బిస్కెట్ల ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగి. పొద్దున్నే మొదటి పళ్లెం పొయ్యిలోంచి బయటికి రాగానే ఒక బిస్కెట్టు కొరికి, కళ్లు మూసుకుంటాడు. చిటికెన వేలు చూపిస్తే చక్కెర ఇంకాస్త పడాలని, అరచెయ్యి చాపితే ఎక్కువైందని, పిడికిలి బిగిస్తే సరిపోయిందని అర్థం. ఆ చెయ్యి ఎటు తిరిగితే పిండి కలిపేవాళ్లు అటు తిరుగుతారు. ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ రుచి మాస్టారని పిలుస్తారు. వీధిలో ఆమెను అందరూ పిన్నిగారంటారు.

అలాంటి నాలుకను మోసం చేయడమంటే మాటలు కాదు. అందుకని ఆమె పై వాటాలో ఉండే ఆడపడుచును సాయం అడిగింది. ఆవిడ మాస్టారికి అక్క. తమ్ముడి బలహీనతలన్నీ చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు.

"వాడికి కళ్లతో తినడం అలవాటమ్మా. డబ్బా మారకుండా చూసుకో, లోపల ఏం పెట్టినా తినేస్తాడు," అంది వదిన.

ఆ రోజు నుంచి వంటింట్లో డబ్బాలన్నీ పాత వేషాలే, లోపల మాత్రం కొత్త పాత్రలు. చక్కెర డబ్బాలో రోజుకింత ఖర్జూరం పొడి కలుస్తూ, చివరికి చక్కెరే లేకుండా పోయింది. వెన్న గిన్నెలో గుడ్డలో కట్టి నీళ్లు వడకట్టిన గట్టి పెరుగు చేరింది. తెల్ల బ్రెడ్డు కవరులోకి తవుడు రంగు బ్రెడ్డు వచ్చింది. అన్నిటికన్నా కష్టమైంది చిప్సు. బీట్‌రూట్‌ను పల్చగా చక్రాలు కోసి, నూనె లేకుండా ఓవెన్‌లో ఎండబెట్టి, ఆలుగడ్డ చిప్సు ప్యాకెట్లో పోసి, పైన కాగితం వేసి ఇస్త్రీ పెట్టెతో అంచు అతికించేది. పట్టుకుని చూస్తే అచ్చం కొట్లోంచి తెచ్చినట్టే ఉండేది.

మొదటి రోజు ఆయన బీట్‌రూట్ చక్రం నోట్లో వేసుకున్నప్పుడు వదినా మరదళ్లిద్దరూ తలుపు వెనక నిలబడి ఊపిరి పీల్చడం మానేశారు. ఆయన నమిలాడు. ఒక క్షణం ఆగాడు. మళ్లీ నమిలాడు.

"బావుందే," అన్నాడు.

పిన్నిగారికి గర్వంతో పాటు కాస్త దిగులు కూడా కలిగింది. ఇంత గొప్ప నాలుక ఇంత తేలిగ్గా పడిపోతుందని ఆమె అనుకోలేదు. ఆ ఊపులో, ఫ్యాక్టరీకి పట్టుకెళ్లే ఫ్లాస్కు టీలో ఖర్జూరం పొడి కూడా మానేసింది. సాయంత్రం ఫ్లాస్కు ఖాళీగా ఇంటికొచ్చింది. మర్నాడూ అంతే. ఆమె ఫ్లాస్కును తలకిందులుగా పట్టుకుని చూసి, చుక్క కూడా రాలకపోయేసరికి వదిన దగ్గర మురిసిపోయింది.

కొన్ని వారాలు గడిచాక ఒక సాయంత్రం మాస్టారు మొహం వేలాడేసుకుని వచ్చాడు. చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"దుకాణాల నుంచి బిస్కెట్లు వెనక్కి వస్తున్నాయే. రుచి పాడైందంటున్నారు. శుక్రవారం పెద్దమ్మగారు నాకు పరీక్ష పెడతారట."

పెద్దమ్మగారంటే ఫ్యాక్టరీ యజమానురాలు. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు ఫ్యాక్టరీలో లేరు.

"పరీక్ష తప్పితే?"

"ప్యాకింగులోకి పంపేస్తారు. అట్టపెట్టెలకి టేపు అంటించుకోవడమే." ఆయన తన చిటికెన వేలి వైపు చూసుకున్నాడు. "ఈ వేలికి ఇంక పని ఉండదు."

రుచిలో ఏం తేడా వచ్చిందని పిన్నిగారు అడగలేదు. అడగాల్సిన అవసరమే కనిపించలేదు. చప్పటి తిండికి అలవాటు పడ్డ నాలుకకి మామూలు బిస్కెట్టు కూడా పాకంలా అనిపించి ఉంటుంది, ఈయన రోజూ అరచెయ్యి చాపి ఉంటాడు, చక్కెర తగ్గిపోయి ఉంటుంది, చప్పటి బిస్కెట్లు ఎవరు తింటారు? చేజేతులా మొగుడి నాలుకని నిద్రపుచ్చింది తనే.

"చెప్పేయకూడదూ వాడికి?" అంది వదిన.

"ఎలా చెప్పను వదినా? మీ తమ్ముడు ఆ నాలుక చూసుకునే కదా మీసం తిప్పేది. బీట్‌రూట్‌ని ఆలుగడ్డ అనుకుని తిన్నారని తెలిస్తే ఆ మీసం తీసేస్తారు. నిద్రపోయిందాన్ని చప్పుడు లేకుండా లేపేస్తే సరిపోతుంది."

లేపడం మొదలైంది. డబ్బాల్లోకి అసలు చక్కెర, గిన్నెలోకి అసలు వెన్న, ప్యాకెట్లోకి అసలు చిప్సు తిరిగొచ్చాయి. ఆలస్యం జరిగింది కాబట్టి ఆమె అన్నీ రెండింతలు చేసింది. ఫ్లాస్కులో చెంచా నిలబెడితే నిలబడేంత చక్కెర కలిపింది. మాస్టారు బ్రెడ్డు కొరికి, వెన్న తగిలి, ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు.

"ఏమే, ఇవాళ ఏమిటి విశేషం?"

"మీరు తినండి. రేపటి సంగతి రేపు చూద్దాం."

ఉద్యోగం పోయే మొగుడి మీద జాలిపడి పెడుతోందనుకుని ఆయన కళ్లనీళ్ల పర్యంతమై, ఇంకో రెండు ముక్కలు పెట్టించుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "ఇవాళ చక్కెర ఇంకా వేయమన్నానే. ఎందుకో తీపి తగల్లేదు," అన్నాడు.

పిన్నిగారు మెట్లు ఒక్క అంగలో ఎక్కినంత పనిచేసి పై వాటాకి పరుగెత్తింది. "మందు పనిచేస్తోంది వదినా! చక్కెర అడుగుతున్నారు! నాలుక లేచింది!"

"అయితే ఇంకాస్త గట్టిగా లేపు," అంది వదిన, ఉత్సాహంగా.

మర్నాడు మోతాదు ఇంకా పెరిగింది. ఆ సాయంత్రం ఆయన, "చిటికెన వేలు రెండుసార్లు చూపించాను. కలిపేవాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు," అన్నాడు. ఆమె సంతోషం పట్టలేక కేకు చేసింది.

శుక్రవారం పొద్దున మాస్టారికి జరిగిన మర్యాద పెళ్లికొడుకుకి కూడా జరగదు. తేనె పూసిన బ్రెడ్డు, వెన్న, కేకు, ఆపైన గ్లాసుడు పాలలో చక్కెర. ఆయన అన్నీ తిని, తేన్చి, తూలుతూ బయల్దేరాడు. ఆయన వీధి మలుపు తిరిగాక చూస్తే ఫ్లాస్కు బల్ల మీదే ఉంది.

అసలు మందంతా అందులోనే ఉంది. అది లేకపోతే దారిలోనే నాలుక మళ్లీ కునుకు తీస్తుందేమో! చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, ఫ్లాస్కు ఒక చేత్తో పట్టుకుని ఫ్యాక్టరీ దాకా పరుగు లాంటి నడక నడిచింది. గేటు దగ్గర కాపలాదారు లేచి, నవ్వి, చెయ్యి చాపి ఫ్లాస్కు తీసేసుకున్నాడు.

"అయ్యో, మీరే తెచ్చారా అమ్మా? కబురు పంపితే నేనే వద్దునుగా."

"అది మాస్టారికయ్యా!"

"మాస్టారి పేరు మీద నాకేనమ్మా. రోజూ నేనేగా తాగేది." అతను మూత తీస్తూ తీస్తూ ఆగాడు. "మిమ్మల్ని ఒక మాట అడగాలనుకుంటున్నా. నాకు షుగరు జబ్బు. మీ చప్పటి టీ తాగుతుంటే ఒళ్లు తేలికై, బెల్టుకి కొత్త బెజ్జం పొడుచుకున్నా. డాక్టరు కూడా మెచ్చుకున్నాడు. మొన్నటి నుంచి ఇది తాగితే కళ్లు తిరుగుతున్నాయి. నామీద కోపమేమైనా వచ్చిందా అమ్మా?"

పిన్నిగారు ఫ్లాస్కు అతని చేతిలోంచి లాక్కుంది. "మరి ఆయన ఏం తాగుతున్నారు?"

"క్యాంటీన్ టీ. చక్కెర ఎక్కువేయించుకుని. దానితో పాటు విరిగిన బిస్కెట్ల పళ్లెం. ఇంట్లో ఆకలి తీరట్లేదని చెప్పారు పాపం. ఆ మూతితోనే వెళ్లి రుచి చూస్తారు. బిస్కెట్లు ఎంత తీపైపోయాయంటే, మా గేటు దగ్గర చీమల్ని ఆపడమే నా ఉద్యోగమైంది."

"తీపా? బిస్కెట్లు చప్పబడలేదా?"

"చప్పనా? దుకాణాలవాళ్లు తిట్టేది తీపి ఎక్కువైందనే కదమ్మా!"

లేపుతున్నాననుకుని తాను రెండింతలు పెట్టిన తీపే ఆ నాలుకని ఇంకా మొద్దుబారుస్తోందని పిన్నిగారికి అప్పుడు తెలిసింది. కాపలాదారును పక్కకి తోసి లోపలికి పరుగెత్తింది.

రుచి గదిలో పెద్దమ్మగారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. బల్ల మీద పళ్లేలు. మాస్టారు అన్నిటిలోకీ తీపైన బిస్కెట్టు కొరికి, కళ్లు మూసుకుని, మెల్లగా చెయ్యెత్తుతున్నాడు. చిటికెన వేలు విచ్చుకోబోతోంది.

"ఆ వేలు దించండి!" అని అరిచింది పిన్నిగారు.

మాస్టారు బెదిరిపోయి చేతిని జేబులో పెట్టేసుకున్నాడు.

"అమ్మగారూ, తప్పు నాది," అని ఆమె ఆయాసంతోనే అంతా చెప్పేసింది. ఖర్జూరం పొడి, గట్టి పెరుగు, బీట్‌రూట్, ఇస్త్రీ పెట్టె, చివరికి చెంచా నిలబడే టీ. "ఆయనకేం తెలియదు. చప్పటి తిండని తెలియకుండానే తిన్నారు."

మాస్టారు జేబులోంచి చెయ్యి తీశాడు. "తెలియకపోవడమేమిటే? మొదటి రోజే తెలిసింది."

"బావుందన్నారుగా!"

"మరేమనను? నువ్వు అర్ధగంట ఇస్త్రీ పెట్టెతో కుస్తీ పట్టావు. ఆ పెట్టెతోనే నా చొక్కా ఇస్త్రీ చేశావు. సగం ఆలుగడ్డ బొమ్మ వీపు మీద అచ్చుపడితే, వారమంతా గోడకి ఆనుకునే తిరిగాను. అంత కష్టపడినదాన్ని బాగాలేదని ఎలా అంటాను?"

పిన్నిగారికి కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. "అందుకని ఇక్కడికొచ్చి పళ్లెం పళ్లెం మింగేస్తారా?"

"ఇంట్లో నీ మనసు కష్టపెట్టలేను. ఇక్కడ నా కడుపు కష్టపెట్టలేను."

పెద్దమ్మగారు ఫ్లాస్కు అందుకుని, మూతలో కాస్త వంపుకుని ఒక గుక్క తాగారు. ఆవిడ మొహంలో ఎప్పుడూ కనిపించనివి చాలా కనిపించాయి. మూత బల్ల మీద పెట్టి, మంచినీళ్లు అడిగారు.

"మాస్టారూ, మీ నాలుకకి జబ్బేం లేదు. దానికి యజమానులు ఎక్కువయ్యారు, అంతే. సోమవారం మళ్లీ పరీక్ష పెడతాను. అప్పటిదాకా మీ ఆవిడ పెట్టిందే తినాలి. విరిగిన బిస్కెట్ల పళ్లేనికి ఇవాళ్టి నుంచి తాళం."

"సోమవారం నెగ్గితే?" అన్నాడు మాస్టారు, ఆశగా.

"నెగ్గితే, ఈ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అదే తిండి."

ఆయన ప్యాకింగు గది వైపు ఒకసారి, భార్య వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో రెండూ ఒకే బరువు తూగాయని పిన్నిగారికి అనుమానం వచ్చింది.

శని, ఆదివారాలు ఆయన బీట్‌రూట్ చక్రాలు తిన్నాడు. ఈసారి ప్యాకెట్లో కాదు, పళ్లెంలోనే. "బావుందా?" అని ఆమె అడిగితే, "లేదే," అన్నాడు మొహమాటం లేకుండా. ఆమె కాస్త మిరియాల పొడి చల్లింది. "ఇప్పుడు?" అంది. ఆయన అలవాటు కొద్దీ పిడికిలి బిగించాడు.

సోమవారం పొద్దున మొదటి పళ్లెంలోని బిస్కెట్టు కొరకగానే ఆయన కళ్లు మూసుకోలేదు, తెరిచాడు. అరచెయ్యి అంత వేగంగా చాచాడంటే, పక్కనున్న మనిషి దెబ్బ తప్పించుకోవడానికి వెనక్కి జరిగాడు. ఆ తర్వాత పళ్లెం మారినప్పుడల్లా చెయ్యి సరిగ్గా తిరిగింది. మధ్యాహ్నానికి పిడికిలి బిగుసుకుంది. పెద్దమ్మగారు తల ఊపి వెళ్లిపోయారు. కాపలాదారు గేటు దగ్గరే కబురు విని, పిన్నిగారి కోసం ఇంటిదాకా వచ్చి మరీ చెప్పాడు.

ఇప్పుడా బిస్కెట్లు మళ్లీ ప్రతి ఇంట్లోనూ కనిపిస్తున్నాయి, మాస్టారి ఇంట్లో తప్ప.