పర్లేదన్నవాళ్ళ గది

నగరం నడిబొడ్డున ఉన్న మా హోటల్లో అతిథి నోటి నుంచి వచ్చిన ఏ ఫిర్యాదూ ఇంతవరకు వృథా కాలేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. మా హోటల్ అన్నానని నేను యజమానిననుకునేరు. పని మీద వచ్చి దిగినవాణ్ణి. పని ఎప్పుడో అయిపోయింది. గది బాగుంది కాబట్టి ఉన్నాను. ఇది నాకు మొదట ఇచ్చిన గది కాదు. మొదట ఇచ్చిన గదిలో ఉండిపోయేవాణ్ణి మా హోటల్లో అమాయకుడంటారు.

నడిబొడ్డున అనే మాట ప్రకటనల కోసం వాడింది కాదు, అక్షరాలా నిజం. ఎదురుగా పెద్దాసుపత్రి, పక్కన కోర్టు, వెనక బజారు, అవతల రైల్వే స్టేషను. ఇవన్నీ దగ్గరగా ఉంటాయనే జనం ఇక్కడ దిగుతారు. దిగి, సంచీ కింద పెట్టీ పెట్టకముందే ఇవన్నీ ఇంత దగ్గరగా ఉన్నాయేమిటని విసుక్కుంటారు. పొద్దున్నే రైలు అందుకోవాలని వచ్చిన పెద్దమనిషి ఒకాయన రైలు కూతలు ఆపించమన్నాడు. మా మేనేజరు కుదరదని అనలేదు. కుదరదనే మాట ఆయన నిఘంటువులో లేదు. "పరిశీలిస్తున్నాం సార్" అన్నాడు, పెద్దమనిషిని ఇంకా పెద్ద గదిలోకి మార్చాడు.

ఇదే మా హోటల్ పద్ధతి. ఎవరు ఫిర్యాదు చేస్తే వాళ్ళకి అంతకన్నా మెరుగైన గది ఇస్తారు. ఫోనుల్లో అతిథులు హోటల్‌కి వేసే రేటింగు చుక్కల మీదే మేనేజరు ప్రాణాలన్నీ ఉన్నాయి. ఒక్క చుక్క తగ్గినా ఆయనకి ఆ పూట ముద్ద దిగదు. అందుకే కౌంటరు వెనక గోడకి 'అడగందే అమ్మైనా పెట్టదు' అని అందంగా రాయించి పెట్టాడు. దాన్ని చదివిన ప్రతివాడూ అడగడం మొదలుపెట్టాడు. దిండు ఎత్తుగా ఉందన్నారు, పల్లంగా ఉందన్నారు. కుళాయి వేడినీళ్ళు వేడిగా వస్తున్నాయన్నారు. ఒకావిడ తన గది అద్దంలో తను బాగా కనబడడం లేదని చెప్పి, అద్దంతో పాటు గది కూడా మార్పించుకుంది.

అయితే మెరుగైన గదులు కావాలన్నప్పుడల్లా కాయడానికి హోటలేమీ గుమ్మడిపాదు కాదు. ఒకరికి ఇవ్వాలంటే ఇంకొకరి దగ్గర తీసుకోవాలి. ఎవరి దగ్గర? ఇక్కడే మా మేనేజరు మేధస్సు తెలుస్తుంది. "గది ఎలా ఉందండీ?" అని అడిగితే "పర్లేదండీ" అనేవాళ్ళు లోకంలో కొందరుంటారు. వాళ్ళ దగ్గర తీసుకోవాలి.

అలాంటి ఒకావిడ ఈ మధ్యే వచ్చింది. ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే టీచరమ్మ. వెంట ఆమె కూతురు, ఇంకా పాలపళ్ళు ఊడుతున్న పాప. ఆ పిల్ల గుండెలో చిన్న రంధ్రం ఉందట. ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రిలో ఆపరేషను. చేసే డాక్టరు ఎక్కడి నుంచో రావాలి. ఆయన వచ్చేదాకా పాపకి జలుబు, దగ్గు, జ్వరం ఏదీ అంటకూడదని, అంటితే మత్తు ఇవ్వడం కుదరదని, ఆయన మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆసుపత్రి వాళ్ళకే తెలియదని నర్సు చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపింది. ఈ సంగతి హోటల్లో మాకందరికీ తెలుసు. లిఫ్టులో ఎవరు పలకరించినా పాపే చెప్పేది.

"నాకు గుండె కుడతారు. మా అమ్మ అన్నీ కుడుతుంది గానీ, ఇది మాత్రం డాక్టరే కుట్టాలంట."

మేమందరం అయ్యో అనుకున్నాం. అయ్యో అనడంలో మా అతిథులకి ఎవరూ సాటి రారు.

టీచరమ్మ ముందుగానే మాట్లాడుకుని మూడో అంతస్తులో మూల గది తీసుకుంది. పొద్దున్నే ఎండ పడుతుంది, గాలి నేరుగా తగలదు. ఆ గది మీద జడ్జిగారి మేనల్లుడి కన్ను పడింది. ఆయన ఏం చేస్తుంటాడని అడిగితే "జడ్జిగారి మేనల్లుణ్ణి" అంటాడు. అది ఆయన ఉద్యోగం, సెలవు కూడా పెట్టడు. తన గదిలోకి ఎండ రావడం లేదని, తన హోదా మనిషిని చీకట్లో ఉంచడం న్యాయవ్యవస్థకే అవమానమని కౌంటరు దగ్గర ఉపన్యసించాడు. మేనేజరు పరుగున మూడో అంతస్తుకి వెళ్ళాడు.

"అమ్మా, మీరు మా ఇంటి మనిషి లాంటివారు. ఆ చనువుతోనే అడుగుతున్నాను. పెద్దాయన, కాస్త ఇబ్బంది పడుతున్నారు..."

ఇంటి మనిషి అంటే ఏమిటో మీకు తెలుసు. పరాయివాళ్ళకి మంచం వేసి, చాప మీద పడుకోమనదగినవాళ్ళు.

"పర్లేదండీ. ఏ గదైనా సరే, కాస్త వెచ్చగా ఉంటే చాలు, పాప కోసం" అంది టీచరమ్మ. 'నోరు మంచిదైతే ఊరు మంచిది' అని నేర్పి పెంచినట్టున్నారు. అది చెప్పిన పెద్దలు మా హోటల్లో దిగి ఉండరు.

మేనల్లుడుగారు ఎండ గదిలో చేరారు. మర్నాడే, పొద్దున్నే ఎండ కళ్ళలో పడి నిద్ర చెడుతోందని ఫిర్యాదు చేశారు. మేనేజరు వెంటనే కిటికీకి మందపాటి నల్ల తెర వేయించాడు. చీకట్లో ఆయన హాయిగా నిద్రపోయారు.

టీచరమ్మకి వెచ్చటి గదే ఇచ్చారు. మాట తప్పే అలవాటు మాకు లేదు. అది వంటింటి మీద ఉంటుంది. పొయ్యిల వేడికి గచ్చు కాలుతుంది. పొగ మాత్రం ఉచితం. కిటికీ తెరిస్తే బజారు దుమ్ము. టీచరమ్మ తువ్వాలు తడిపి తలుపు సందుల్లో కుక్కి, పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని విసురుతూ కూర్చునేది. "గది ఎలా ఉందమ్మా?" అని మేనేజరు అడిగాడు. "పర్లేదండీ" అంది. చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే. ఏం చేస్తాం, మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అవుతుంది. ఈలోగా మేము బావగారని పిలుచుకునే సిమెంటు వ్యాపారికి, వంటింట్లోంచి తన గదికి చేరేలోగా కాఫీ చల్లారిపోతోందనే బాధ కలిగింది. వంటింటి మీది గదయితే కాఫీ పొగలు కక్కుతూ వస్తుందని ఆయనే కనిపెట్టాడు. టీచరమ్మ మళ్ళీ సంచీ సర్దుకుంది.

తరవాతి గది గురించి కొంచెం చెప్పాలి. ఒకప్పుడు అదంతా ఒకే హాలు. మధ్యలో చెక్క అడ్డం పెట్టి రెండు గదులు చేశారు. ఏసీ గాలి ఒక గదిలోకి జోరుగా వస్తుంది. దాని స్విచ్చు రెండో గదిలో ఉంటుంది. టీచరమ్మకి గాలి ఉన్న గది దక్కింది. స్విచ్చు ఉన్న గదిలో కరుణ మీద ఉపన్యాసాలు ఇచ్చే మహావక్త దిగాడు. మా హోటల్ హాల్లోనే ఆయన సభ. దానికోసం గదిలో అటూ ఇటూ తిరుగుతూ సాధన చేసేవాడు. సాధన చేస్తే ఆవేశం వస్తుంది, ఆవేశం వస్తే చెమట పడుతుంది, చెమట పడితే ఏసీ పెంచాలి.

"పక్కవాడి చలి మన ఒంటికి తగలాలి! పక్కవాడి కన్నీరు మన కంట్లోంచి కారాలి!" అని చెక్క అవతల ఆయన గర్జిస్తుంటే, చెక్క ఇవతల పాప పళ్ళు టకటకలాడేవి.

టీచరమ్మ వెళ్ళి ఆయన తలుపు తట్టింది.

"ఏమనుకోకండి, ఆ ఏసీ కొంచెం తగ్గిస్తారా? పక్కన పాపకి చలేస్తోంది."

"అమ్మా, ప్రస్తుతం నేను కరుణ మీద పని చేస్తున్నాను. మధ్యలో కదిలిస్తే ప్రవాహం తెగిపోతుంది. సభ అయ్యాక తప్పకుండా రండి."

"పర్లేదండీ" అని వెనక్కి వచ్చేసింది. వచ్చి, చేతిలో పనున్న మనిషి కదా, తన పాత చీర చింపి, ఏసీ మూతికి సరిగ్గా సరిపోయే తొడుగు చేత్తోనే కుట్టి బిగించింది. కుట్టు చాలా నీటుగా వచ్చిందని గది ఊడ్చే ఆవిడ కూడా మెచ్చుకుంది. మెచ్చుకుని, మేనేజరు ఆజ్ఞ ప్రకారం ఊడబీకి తీసుకుపోయింది. చీరముక్క వల్ల గది శోభ చెడుతోందట.

పాపకి దగ్గు పట్టుకుంది. ఆ లేత దగ్గు వరండాలోంచి వినిపిస్తుంటే నాక్కూడా గొంతులో ఏదో అడ్డం పడింది. వెంటనే కౌంటరుకి ఫోను చేసి, గొంతులో అడ్డం పడుతోందని ఫిర్యాదు చేశాను. మంచి టీ పంపించారు.

మహావక్త కూడా ఫిర్యాదు చేశాడు. కన్నీటి ఘట్టం దగ్గరికి వచ్చేసరికి పక్క గదిలోంచి దగ్గు వినిపించి తన కన్నీరు ఆగిపోతోందన్నాడు. మా హోటల్ చరిత్రలో ఇంత త్వరగా పరిష్కరించిన ఫిర్యాదు ఇంకొకటి లేదు. టీచరమ్మకి ఇవ్వడానికి గదులేవీ మిగల్లేదు గనక, తాత్కాలిక ప్రాతిపదికన, కింద హాలు ముందున్న సోఫా కేటాయించారు.

"ఆసుపత్రి ఇంకా దగ్గరైంది కదమ్మా" అన్నాడు మేనేజరు. ఆయన అబద్ధం చెప్పడు.

ఆ సోఫా సరిగ్గా వాకిలికి ఎదురుగా ఉంటుంది. వాకిలికి గాజు తలుపులు. మనిషి దగ్గరికి రాగానే వాటంతటవే తెరుచుకుంటాయి. నగరం నడిబొడ్డు కదా, వీధిలో ఎప్పుడూ ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. లోపలికి వచ్చేవాడికీ తెరుచుకుంటాయి, వక్కలు నములుతూ అటుగా పోయేవాడికీ తెరుచుకుంటాయి. తెరుచుకున్నప్పుడల్లా వీధి దుమ్మూ, వానగాలీ కలిసి వచ్చి పాప మీద పడేవి. టీచరమ్మ తలుపులకి వీపు పెట్టి, పిల్లని కొంగులో చుట్టుకుని కూర్చుంది.

కరుణ సభ మధ్యాహ్నం. అతిథులందరం మంచి బట్టలు వేసుకుని కిందికి దిగాం. సరిగ్గా అప్పుడే టీచరమ్మ పాప నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. లేచి నిలబడింది.

"అయ్యా, మేనేజరుగారూ! ఇంక పర్లేదని అనలేను. నా బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది. రేపే ఆపరేషను. నా గది నేను మాట్లాడుకున్నాను, నాకిచ్చారు, నేనేం తప్పు చేశానని లాక్కున్నారు? మీకు దండం పెడతాను, ఈ ఒక్క రోజుకి దాన్ని ఆ తలుపు దగ్గర్నించి తప్పించండి!"

వాకిలంతా మారుమోగింది. ఆ గొంతు ఆవిడదేనా అని అందరం విస్తుపోయాం. కూతురు కూడా తలెత్తి చూసింది.

మేనేజరు ఏమాత్రం తొణకలేదు. చేతులు కట్టుకుని మర్యాదగా వంగాడు.

"తప్పకుండా అమ్మా. అతిథి ఫిర్యాదు మాకు శిరోధార్యం. మీ రూము నంబరు చెప్పండి."

"నాకు రూమెక్కడుందండీ? మీరే కదా సోఫాలో కూర్చోబెట్టారు!"

"అదేనమ్మా ఇబ్బంది. రూము నంబరు లేకుండా ఫిర్యాదు తీసుకునే పద్ధతి మా దగ్గర లేదు."

మేనల్లుడుగారు ముఖం చిట్లించారు. "చదువు చెప్పే మనిషి నలుగుర్లో ఇలా అరవడమేమిటి? ఏదైనా ఉంటే పద్ధతిగా చెప్పుకోవాలి" అన్నారు. రైళ్ళని కూడా అరవొద్దనే హోటల్లో ఆ మాటకి విలువ ఉంటుంది. బావగారిది మెత్తటి మనసు. "అదేంటమ్మా, ఇన్నాళ్ళూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుక్కూర్చున్నావ్! ముందే ఓ మాట అనుంటే మేమంతా లేమూ?" అన్నాడు.

"వంటింటి మీద ఎలా ఉందో మీకు తెలీదా బాబూ? ఆ గదిలో మీరేగా ఉంటున్నారు" అంది టీచరమ్మ.

బావగారికి అప్పుడే ఫోను వచ్చింది.

మహావక్త ముందుకు వచ్చి, పాప వైపు చెయ్యి చాచి, కళ్ళు సగం మూశాడు. "మిత్రులారా! ఈ తల్లి ఆక్రోశం విన్నారా? ఈ పసిదాని వణుకు చూశారా? ఈనాటి సమాజంలో కరుణ అడుగంటిపోతోందని నేను ఇన్నేళ్ళుగా చెబుతున్నది ఇందుకే! దీని గురించే లోపల విపులంగా మాట్లాడుకుందాం. దయచేసి అందరూ లోపలికి రండి, ఇప్పటికే ఆలస్యమైంది."

అందరం లోపలికి వెళ్ళాం. సభ అద్భుతంగా జరిగింది. కన్నీటి ఘట్టం దగ్గర ఏడవనివాడు లేడు. చప్పట్లు వీధిలోకి వినిపించాయట.

మర్నాడు ఆసుపత్రిలో పాపకి జ్వరం చూసి ఆపరేషను లేదన్నారు. డాక్టరు మిగతావాళ్ళకి చేయాల్సినవి చేసి, వెళ్ళిపోయాడు. టీచరమ్మ సంచీ కోసం హోటల్‌కి వచ్చింది. అప్పుడు నేను కౌంటరు దగ్గరే ఉన్నాను, టీలో చక్కెర విషయమై మాట్లాడుతున్నాను. పాప ఆవిడ భుజం మీద వాలి ఉంది. "అమ్మా, నా గుండె ఎవరూ కుట్టరా?" అని అడిగింది. టీచరమ్మ పిల్ల వీపు మీద చెయ్యి వేసి, అలాగే నిమురుతూ బస్సుల వైపు వెళ్ళిపోయింది.

తరవాత కాఫీల దగ్గర ఈ విషయం చర్చకు వచ్చింది. మా అతిథులు ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు. తప్పంతా ఆవిడదేనని తేలింది. మొదట్లోనే గట్టిగా అడిగి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదట. మరీ అంత మెతకగా ఉంటే లోకంలో బతకడం కష్టమట. నేనూ తలూపాను.

మీరు అలా నా వంక చూడకండి. ఆవిడ మూల గది వదిలి వంటింటి మీదికి వెళ్తున్నప్పుడు మీరేమనుకున్నారు? 'ఛీ, ఈవిడ నోరు తెరవదేం' అనుకోలేదూ? మీకు చిరాకు వేసింది ఆవిడ మీదే. ఎండ గదిలో నల్ల తెర వేసుకుని పడుకున్నవాణ్ణి చూసి నవ్వుకున్నారు, అంతే. ఇంకేం, మీరూ మావాళ్ళే. ఈసారి ఊరికి వస్తే మా హోటల్లోనే దిగండి. మేనేజరు నా మాట వింటాడు, మీకు మూడో అంతస్తులో మంచి గది ఇప్పిస్తాను. దాంట్లో ఇప్పుడెవరున్నారో, వాళ్ళనెక్కడికి పంపుతారో మీరు అడగరని నాకు తెలుసు.