పులిచింతాకు వైద్యం

ఆ ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసు వెనక, కుళాయి పక్కన, తువ్వాలంత మేర పులిచింతాకు మొలిచింది. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ దారి పొడవునా పీక్కుని నమిలిన ఆకు. సాయంత్రం గుప్పెడు కోసుకెళ్లి కూతురికి రుచి చూపించాలి. పులుపంటే ప్యాకెట్లో వచ్చేదేనని ఆ పిల్ల అనుకుంటోందని ఆయన బెంగ.

మధ్యాహ్నానికే మనసాగలేదు. అటూ ఇటూ చూసి, మోకాళ్ల మీద కూర్చుని రెండాకులు నోట్లో వేసుకున్నాడు. హాయిగా కళ్లు మూతలు పడ్డాయి. తెరిచేసరికి ఎదురుగా క్యాషియరు.

"ఏమయ్యా, గడ్డి మేస్తున్నావేంటి?"

చిన్ననాటి రుచి అని చెప్పేస్తే పోయేది. యాభై దాటినవాడికి సిగ్గు అడ్డొచ్చింది. "మందండీ," అన్నాడు.

"దేనికి?"

గుమాస్తా తల గోక్కున్నాడు. క్యాషియరు చూపు ఆ తల మీదే ఆగిపోయింది. ఆ వయసులోనూ దువ్వెన విరిగేంత జుట్టు!

"అదా సంగతి!" అంటూ క్యాషియరు లోపలికి పరుగెత్తాడు.

టీ వేళకు బట్టతలలన్నీ కుళాయి దగ్గర బారులు తీరాయి. కొందరు నమిలారు, కొందరు నూరి నెత్తికి పట్టించారు. జుట్టున్నవాళ్లు ముందుజాగ్రత్తగా తిన్నారు.

"కాస్త మిగల్చండి బాబూ! అది మందూ కాదు, మాకూ కాదు!" అని గుమాస్తా లబోదిబోమన్నాడు.

"చూశారా, మనల్ని బాగుపడనివ్వడు," అన్నాడు క్యాషియరు.

చివరికి మేనేజరే దిగి వచ్చాడు. ఆయన తలలో ముఖం చూసుకోవచ్చు.

"ఇన్నేళ్లూ ఈ తల చూస్తూ నోరు విప్పలేదా? నీది గుండెనా, బండరాయా?" అన్నాడు నెత్తి తడుముకుంటూ. మిగిలిన గుప్పెడూ వేళ్లతో సహా పీక్కుపోయాడు. గుమాస్తా ప్రాణం ఉసూరుమంది.

ఖాళీ చేతులతో, ఏడుపొక్కటే తక్కువగా ఇల్లు చేరాడు. మెట్ల పక్కన, గోడ బీటలోంచి మొలిచిన మొక్క దగ్గర కూతురు గొంతుక్కూర్చుని ఏదో నములుతోంది. పులిచింతాకు!

"నీకిదెలా తెలుసే?"

"మేం రోజూ తింటాంగా! నీకు తెలీదా? అయ్యో పాపం నాన్నా!" రెండాకులు తుంచి ఆయన చేతిలో పెట్టింది. "అమ్మకి చెప్పకేం!"

ఆయనకు కళ్లు చెమర్చాయి. పులుపుకేమోననుకుంది పిల్ల.

పైనుంచి భార్య కేకేసింది. "ఏమండీ, మీ మేనేజరుగారు ఫోన్లో! పరగడుపున తినాలా, భోజనం అయ్యాకా అని అడుగుతున్నారు. ఏం చెప్పను?"

"పరగడుపునే," అన్నాడు గుమాస్తా ఆకు నములుతూ. "మూడు పూటలా."