రోజురోజుకీ పెరిగిన కోటు

దేవుడు అందరికీ రెండు కళ్లిచ్చాడు. నాకు మాత్రం రెండు టేపులిచ్చాడు. మీరు నవ్వినా సరే, ఉన్నమాట చెబుతున్నాను. దర్జీగా బతికినన్నాళ్లూ మనిషిని ఒక్కసారి పైనుంచి కిందికి చూసి గుడ్డ కత్తిరించినవాణ్ణి.

ఓసారి ఒక పెళ్లికొడుకు సైకిలు మీద మా దుకాణం ముందునుంచి దూసుకుపోయాడు. నేను చూసింది అంతే. సూటు కుట్టి పంపితే ఒంటికి తోలులా అతుక్కుంది. ఇంకోసారి మనిషిని చూడకుండా, గోడ మీద అతని నీడ చూసి చొక్కా కుట్టాను. సాయంత్రపు నీడ కావడంతో అది పాదాల దాకా వచ్చింది. అది వేరే సంగతి.

అంతటివాణ్ణి, ఈ మధ్య మా యూరప్ ప్రయాణం పుణ్యమా అని, ఒక కోటు నాకు పట్టపగలే చుక్కలు చూపించింది.

మంచు చూడాలన్నది మా ఆవిడ కోరిక. పెళ్లయిన కొత్తలో గోడ క్యాలెండరు మీద మంచుకొండ బొమ్మ చూసి, "ముట్టుకుంటే ఎలా ఉంటుందండీ?" అని అడిగింది. "చల్లగా" అన్నాను. ఆ ఒక్క జవాబుతో ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను. చివరికి మా అమ్మాయే పూనుకుని, టూరు ఆఫీసువాడితో మాట్లాడి మా ఇద్దరికీ సీట్లు ఖాయం చేసింది.

ఆ టూరు ఆఫీసువాడికి మా ఇంట్లో కంగారయ్య అని పేరు పెట్టాం. ఫోనెత్తితే హలో అనేంత తీరిక కూడా లేక "లో!" అంటాడు. ఓ రోజు ఇంటికొచ్చి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"బాబాయ్‌గారూ, కొండ మీద గాలి కోసేస్తుంది. మందపాటి కోటు లేనివాళ్లని నేను పైకి తీసుకెళ్లను. కింద కాఫీ హోటల్లో కూర్చోబెట్టి పోతాను. తర్వాత నన్ననొద్దు!" అని, ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

"అమ్మా, రేపే వెళ్లి కోటు కొందాం" అంది అమ్మాయి.

"ఒక్కసారి తొడిగి బీరువాలో దాచేదానికి కోటెందుకే? మీ నాన్న పాత స్వెటర్ చాలు."

"కొనడమెందుకు? నేను కుట్టనూ!" అన్నాను.

"మీరు కుట్టిచ్చేసరికి ఆ కొండ కరిగి ఏరై పారుతుంది. అప్పుడు కోటెందుకు, ఈత బట్టలు కుడుదురు గాని."

"అక్కడి చలి సంగతి నీకు తెలీదోయ్. మాట నోట్లోంచి రాగానే గడ్డకట్టి కిందపడుతుందట."

"అయితే మిమ్మల్ని అసలు తీసుకెళ్లకూడదు. మీ మాటలు ఊడ్చుకోలేక అక్కడివాళ్లు చస్తారు పాపం."

అమ్మాయి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వబోయాను. కానీ మా ఆవిడ ఆ కాఫీ హోటల్లో కూర్చుని, కిటికీలోంచి కొండవైపు చూస్తున్నట్టు కళ్లకు కట్టింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆవిడకు తెలియకుండా కోటు కుట్టాలి. బయల్దేరే రోజు భుజాల మీద కప్పి నోరు మూయించాలి. అదీ నా పన్నాగం.

గుడ్డల షావుకారు దగ్గర నీలం రంగు ఉన్ని గుడ్డ, తానులో ఆఖరి ముక్క, దొరికింది. ఆవిడకొకటి, నాకొకటి, సరిగ్గా రెండు కోట్లొస్తాయి. ఆపైన బొమ్మకు టోపీ కుట్టడానిక్కూడా మిగలదు.

కొలతలకని టేపు తీస్తే ఆవిడ పసిగట్టేస్తుంది. అయినా సొంత భార్యకు టేపెందుకండీ? కళ్లు మూసుకుంటే ఎదురుగా వచ్చి నిలబడదూ! కళ్లు మూసుకుని కొలిచాను, తెరిచి కత్తిరించాను.

మా ముందుగదే నా దుకాణం. దానికి తాళం వేసి, కొయ్యబొమ్మకు దూది చుట్టి అచ్చం మా ఆవిడలా తయారుచేశాను. నోరు లేదు గనక పోలిక కాస్త తప్పింది. నా కోటు చకచకా అయిపోయింది. ఆవిడ కోటు కూడా కుట్టి బొమ్మకు తొడిగితే, అమర్చినట్టు సరిపోయింది. గుండీలు పెట్టి, నా భుజం నేనే తట్టుకుని, భోంచేసి ఓ కునుకు తీశాను.

లేచి వచ్చి చూద్దునుగదా, కోటు బొమ్మ మీద వేలాడుతోంది!

కళ్లు నులుముకుని చూశాను. కుట్టు నా కుట్టే. గుడ్డే వదులైంది. సరేలెమ్మని పక్కలు విప్పి బిగించాను. మర్నాడు కునుకు తీసి వచ్చేసరికి మళ్లీ వదులు. మళ్లీ బిగించాను. మళ్లీ సాగింది. గొర్రె చచ్చిందేమో గానీ ఉన్నికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు!

"ఏవండీ, ఆ గదిలో ఎవరితో పోట్లాడుతున్నారు?" అని వంటింట్లోంచి మా ఆవిడ కేక.

"గొర్రెతో!"

"గెలిచినవాళ్లు వచ్చి కాఫీ తాగండి."

మర్నాడు షావుకారు మీదికి యుద్ధానికి వెళ్లాను. "ఏమయ్యా, పెరిగే గుడ్డ అంటగడతావా?"

షావుకారు నా మొహంలోకి జాలిగా చూశాడు. "మామా, ఉతికితే కురచయ్యే గుడ్డ చూశాను. ఊరికే ఉండి పెరిగే గుడ్డ ఉంటే నీకెందుకు అమ్ముతాను? కొట్టు మూసేసి ఇంట్లో పెంచుకోనూ!"

ప్రయాణం ముంచుకొస్తోంది. ఇక లాభం లేదు. కుట్టు లోపల మడిచి ఉంచిన గుడ్డ ఉందిగనకే కదా ఇది సాగుతోంది? ఆ గుడ్డనే కోసేస్తే ఎలా పెరుగుతుందో చూస్తాననుకున్నాను. మళ్లీ బిగించి, పెద్ద కత్తెర తీసుకుని, కుడిపక్క లోపలి గుడ్డంతా కోసి పారేశాను. ఎడమపక్క పట్టుకున్నానో లేదో...

"ఆగండీ! కొయ్యకండి!"

గుమ్మంలో మా ఆవిడ. భుజం దగ్గర గుచ్చిన సూది. సూదికి నీలం దారం.

కత్తెర బల్ల మీద పెట్టాను. "ఈ కోటు సంగతి నీకెలా తెలుసు?"

"పెళ్లయింది మొదలు ఎన్నడూ లేంది ఈ గదికి తాళం వేశారు. తాళం చూశాక అడగడమెందుకని తీసే చూశాను. రెండో చెవి నా దగ్గరేగా!"

"అయితే విప్పింది..."

"నేనే. తొడుక్కుంటే గుండీకీ ఖాజాకీ మధ్య జానెడు ఎడం. ఈ జన్మకి అవి కలవవని విప్పి వదులు చేశాను. మీరేమో పంతం పట్టినట్టు మళ్లీ బిగిస్తారు!"

మా దుకాణంలో ఖాజాలూ గుండీలూ మొదట్నుంచీ ఆవిడ పనే. కుట్టు నా దగ్గరే నేర్చుకుంది. ఇద్దరి కుట్టూ ఒక్కటే. నా కుట్టును నేనెలా అనుమానిస్తాను చెప్పండి?

"మరి నాతో ఓ మాట చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను?" అంటూ కోటు అంచు నిమిరింది. "ఈ నడుము నాకు పెళ్లినాడు ఉండేది. మీ కళ్లకు నేనింకా అలాగే కనబడుతున్నానని అర్థమైంది. మీ కొలత తప్పని చెప్పడానికి నోరు రాలేదు. కుట్టు విప్పడమే తేలికనిపించింది."

నేను అక్కడితో ఊరుకున్నా బాగుండేది.

"నువ్వంటే మారావు గానీ, నన్ను చూడు. ఈ పంట్లాం ఎప్పటిది? ఇప్పటికీ నడుముకు సరిపోవడంలా?"

"ఒక్కసారి వెనక్కి తిరగండి."

తిరిగాను. నడుము దగ్గర పట్టుకుని, అద్దంలో చూడమంది. వెనక కుట్టులో అదే రంగు గుడ్డముక్క ఒకటి, దాని పక్కన ఇంకొకటి, దాని పక్కన మరొకటి. చెట్టు మొద్దు మీద గీతల్లా నా వయసంతా అక్కడ రాసిపెట్టి ఉంది!

"లావయ్యారంటే నొచ్చుకుంటారని, ఉతికి ఆరేసినప్పుడల్లా కాస్త కాస్త వదులు చేస్తూ వచ్చాను" అంది.

లోకానికంతా కొలతలు చెప్పినవాణ్ణి, నా కొలత నా వెనకాల ఎక్కడో ఉందన్నమాట.

"అవన్నీ సరే, కోసేసిన ఈ పక్క మాటేమిటి?" అంది. షావుకారు దగ్గర ఆ రంగు గుడ్డ ఇక లేదు. అతుకు పడకపోతే కోటు లేదు. కోటు లేకపోతే కొండ లేదు. ఇద్దరం గదంతా కలయజూశాం. ఇద్దరి చూపులూ వెళ్లి గోడకు తగిలించిన నా కోటు మీద ఆగాయి.

"నేనేమీ అనలేదండోయ్" అంది.

"నువ్వనలేదు, నీ కళ్లన్నాయి" అని నేనే కోటు దించి, రెండు చేతులూ విప్పేశాను. ఒక్క పక్కే అతుకేస్తే కోటు వంకర పోతుంది గనక, ఒక్కో చెయ్యి ఒక్కో పక్కకి.

కంగారయ్యకు ఫోను చేశాను. "ఒరే నాయనా, చేతుల్లేని కోటు కోటేనా?"

"లో! మెడ ఉందా? గుండీలున్నాయా? అయితే కోటే, వచ్చేయండి!" అని పెట్టేశాడు.

ఈసారి బుద్ధిగా టేపు తీశాను. మా ఆవిడ చేతులు చాచి నిలబడింది. నడుము చుట్టూ టేపు తిప్పి చూసి, మరోసారి తిప్పి చూశాను.

"ఎంతండీ?"

"ఎంతో ఎందుకులే. సుద్ద ముక్క ఇలా ఇయ్యి."

"ఎంతైనా సరే, దానికి ఇంకో బెత్తెడు కలిపి గీత గీయండి."

"ఇప్పటికే సరిపోయేట్టు పెడుతున్నానుగా! ఇంకో బెత్తెడు దేనికి?"

"మీరు చేతుల్లేని కోటు తొడుక్కుని కొండెక్కుతున్నారు. చలేస్తే ఆ చేతులు పెట్టుకోవడానికి నా కోటులో చోటుండొద్దూ?"

ఇంకో బెత్తెడు కలిపి గీత గీశాను.